శనివారం ఒప్పుకోలు

1966 ఫిబ్రవరి 23, బుధవారం

గుడిలో బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలిగించినప్పుడు ఊరుకున్నాను. క్రిస్మస్‌కి మెడలో రంగు పట్టీ వేసుకొచ్చినప్పుడూ ఊరుకున్నాను. ఇవాళ లెంటు ఉపవాస దినాల మొదటి ఆరాధనలో మా పాస్టరు ఆర్థర్ అయ్యగారు మా అందరికీ వీపు చూపించి ప్రార్థన చేశాడు. తూర్పుకి తిరగాలట. చిలకలగూడ జనం పడమట కూర్చున్నారు కాబట్టి దేవుడికి కనపడరు కాబోలు.

అసలు సంగతి అది కాదు. చివర ప్రకటనల్లో ఇంకొకటి చెప్పాడు. ఇకమీద ప్రతి శనివారం సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా గుడిలో కూర్చుంటాడట. మనసులో భారం ఉన్నవాళ్ళు వచ్చి తమ పాపాలు ఆయన ముందు ఒప్పుకోవచ్చునట. బలవంతం లేదట.

మా తాతకు బందరులో చర్చి మిషను దొరలు బాప్తిస్మం ఇచ్చారు. ఆయన మాకు నేర్పింది ఒక్కటే. మనిషికీ దేవుడికీ మధ్య ఇంకో మనిషి పని లేదు. ఆదివారం అందరం కలిసి మోకాళ్ళ మీద చెప్పే ఒప్పుకోలు ఉంది. అది చాలదా? విడివిడిగా ఒక్కొక్కరి పాపం ఈయన చెవిలో ఎందుకు పడాలి? సంఘానికి సెక్రటరీని నేను. నాతో ఒక్క మాట అనలేదు.

దారంతా నా భార్య ఎలీసబెతుకి ఇదే చెప్తూ వచ్చాను. నా మాటకి జవాబు చెప్పకపోవడం ఆవిడకి ఈ మధ్య అలవాటయింది.

ఫిబ్రవరి 24

నిన్న దారిలో మొదలైన మాట ఇంట్లో పెరిగింది. పొద్దున పక్కింటి విజయమ్మగారు గోడ మీదుగా చూసి, ఆ మొహమేందక్కా అని అడిగితే, చీకట్లో గడప తట్టుకుని పడ్డానని ఎలీసబెతు చెప్పింది. ఇంటి గుట్టు తెలిసిన మనిషి. ఆ ఒక్క గుణం ఉంది.

ఫిబ్రవరి 27, ఆదివారం

కమిటీలో ఆర్థర్‌ని నిలబెట్టి అడిగాను. ఏసురత్నం నా పక్క మాట్లాడతానన్నాడు గాని, తీరా కూర్చున్నాక టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ట్రెజరర్ అంటే నోట్ల కట్టలకే గాని నోటికి పనికిరాడు.

ఆర్థర్‌ది నంద్యాల వైపు. అక్కడి మిషను దొరలు వేరే తరహా. ముప్పై ఐదు నిండని మనిషి, మాకు చరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. ఇది రోమను వాళ్ళది కాదట, మన ఆంగ్లికన్ సంఘానిదేనట. నూట ముప్పై ఏళ్ళ కిందట ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు పాదిరులు లేచి, సంఘమంటే ప్రభుత్వపు శాఖ కాదు, అపొస్తలుల నాటి నుంచి వస్తున్న శరీరం అన్నారట. మరిచిపోయిన సంస్కారాలను మళ్ళీ తెచ్చారట. ఆ దారిలో నడిచినవాళ్ళు తర్వాత లండన్ మురికివాడల్లోకి వెళ్ళి గుళ్ళు కట్టారట. డబ్బున్నవాళ్ళు అద్దెకి తీసుకున్న బెంచీల తలుపులు పీకేసి, ఎవరొస్తే వాళ్ళు కూర్చోండన్నారట.

ఆ చివరి మాట నా కోసమే అన్నాడు. ముందునుంచి రెండో బెంచీ మాది. మా నాన్న కూర్చున్నాడు, నేను కూర్చుంటున్నాను. పోయిన నెలలో స్టేషన్ దగ్గర జామకాయలమ్మే కుటుంబాన్ని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. నేను బెంచీ చివరికి వెళ్ళి నిలబడ్డాను. జరిగి కూర్చోండి సార్ అని వాళ్ళు నాకు చోటిచ్చారు. నా బెంచీలో నాకు చోటు!

దక్షిణాది సంఘాలన్నీ ఒకటై పంతొమ్మిదేళ్ళవుతోంది. ఎవరి పాత గొడవలు వాళ్ళు ఇంటి దగ్గర పెట్టి రావాలని పెద్దలు ఒప్పుకున్నారు. ఈయన మూట విప్పుతున్నాడు.

మార్చి 5, శనివారం

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎలీసబెతు లేదు. ఆరున్నరకి వచ్చింది. కూరగాయలకి వెళ్ళావా అంటే తల ఊపింది. సంచి ఖాళీ.

మార్చి 6, ఆదివారం

గుడి బయట నలుగురు వింటుండగా ఏసురత్నం నాతో అన్నాడు, మీ ఇంట్లో కూడా మొదలైందన్నమాట అని. నిన్న సాయంత్రం లైటు బిల్లు సంగతి మాట్లాడదామని వెళ్ళాడట. గుడి తలుపులు తీసే ఉన్నాయట. ఆర్థర్ బల్ల ముందుండే గ్రాది కటకటాల పక్కన కుర్చీలో, గోడవైపు మొహం తిప్పి కూర్చున్నాడట. ఎలీసబెతు మోకరించి ఉందట. ఏడుస్తోందట.

ఏం చెప్పుకుని ఏడ్చింది? ఎవరి గురించి?

ఈ సంఘంలో ఈ పద్ధతికి అడ్డం నిలబడ్డవాణ్ణి నేను. నా ఇంట్లో నుంచే మనిషి వెళ్ళింది. నన్ను పదిమందిలో తలదించుకునేలా చెయ్యడానికి ఇంతకంటే మంచి దారి ఉందా? బడిలో పాతికమంది పిల్లలకు నీతిపాఠం చెప్పే మనిషి, మొగుడి పరువు తీసుకెళ్ళి ఒక కుర్రపాదిరి ఒళ్ళో పోసింది.

మార్చి 7

చిన్న మాట పెద్దదయింది, అంతే.

ఎలీసబెతుకి జ్వరమని బడికి చీటీ రాసి పంపాను. విజయమ్మగారు గోడ దగ్గరికొచ్చి మళ్ళీ అడిగింది. ఎలీసబెతు తలెత్తి ఆవిడని చూసింది గాని నోరు విప్పలేదు. అలా నిలబడింది. చివరికి నేనే వెళ్ళి, స్నానాలగదిలో నాచుకి జారిందండీ అని చెప్పాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఎప్పుడూ తనే చెప్పేది.

మార్చి 12, శనివారం

చెప్పి మరీ వెళ్ళింది. "గుడికెళ్తున్నానండీ" అని. చెప్పులేసుకుని, గొడుగు తీసుకుని. నేను కుర్చీలోంచి లేచేలోపు గేటు దాటింది.

వచ్చాక అడిగాను, ఏం చెప్పుకున్నావని.

"నా పాపాలు."

నీకేం పాపాలున్నాయి అన్నాను. పొద్దున లేస్తే బడి, సాయంత్రమైతే ఇల్లు. మాకు పిల్లలు కూడా లేరు, వాళ్ళ మీద అరిచి పాపం మూటకట్టుకోవడానికి.

"ఉన్నాయి. అవి మీకు చెప్పేవి కావు" అంది.

పళ్ళెంలో అన్నం పెట్టి తను వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను తినలేదు. తిననని తెలిసినా వచ్చి అడగలేదు.

మార్చి 13

ఆరాధన అయ్యాక వెస్ట్రీ గదిలో ఆర్థర్‌ని పట్టుకున్నాను. అంగీ విప్పి మడత పెడుతున్నాడు. నా భార్య నీతో ఏం చెప్పిందో నాకు తెలియాలన్నాను.

"చెప్పకూడదు సార్. బిషప్‌గారు అడిగినా చెప్పను."

నేను ఆమె భర్తనన్నాను. మేమిద్దరం ఒక్క శరీరమని పెళ్ళిలో మీ నోటితోనే చెప్తారు గదా అన్నాను. ఆయన అంగీ రెండో మడత పెట్టాడు. అది చూసి నాకు ఇంకా మండింది. నా మీద ఏమేం చాడీలు చెప్పిందో అది చెప్పు చాలన్నాను.

అప్పుడు మడత ఆపి నా వైపు చూశాడు. "మీ గురించి చెప్పిందని మీకెందుకు అనిపిస్తోంది?" అన్నాడు.

చూశావా తెలివి! నేను అడిగితే నన్నే అడుగుతాడు. ఇదే వీళ్ళ పద్ధతి. మనిషి గుండెలో వేలు పెట్టి కెలకడం. నేను తలుపు గట్టిగా వేసి వచ్చేశాను. ఒక అద్దం పగిలిందట. పగలనీ.

మార్చి 16

లైబ్రరీ నుంచి ఇంగ్లండు సంఘ చరిత్ర తెచ్చాను. ఆఫీసులో లంచ్ టైములో కూడా చదువుతున్నాను. రామభద్రరావు, అదే మా పక్కింటాయన, నా పక్క టేబులాయన కూడా, ఏందంత దీక్షగ చదువుతున్నరని నవ్వాడు.

ఎంత సంతోషం వేసిందో! వందేళ్ళ కిందట ఇంగ్లండులో మొగుళ్ళందరూ నేనన్న మాటే అన్నారు. పేపర్లకి రాశారు, సభలు పెట్టారు, పార్లమెంటులో లేచారు. ఒప్పుకోలు వినే పాదిరి మొగుడికీ పెళ్ళానికీ మధ్య దూరే మూడో మనిషి అన్నారు. నేను ఒంటరివాణ్ణి కాదు. పెద్ద పెద్ద దొరలు, జడ్జీలు, ప్రభువులు, అందరిదీ ఇదే బాధ.

ఇంతమంది మొగుళ్ళు ఒకేసారి ఎందుకు భయపడ్డారా అని ఒక క్షణం అనిపించింది. భయం కాదు. ధర్మాగ్రహం.

రేపే బిషప్‌గారికి ఫిర్యాదు రాస్తాను. ఏసురత్నం చేత కూడా సంతకం పెట్టిస్తాను. కొవ్వొత్తులు, తూర్పు, ఒప్పుకోలు, మూడూ రాస్తాను. ఒప్పుకోలు కిందే, నా భార్య మనసు విరిచి మా కాపురం పాడుచేస్తున్నాడని కూడా రాస్తాను. సాక్షి కావాలంటే ఎలీసబెతు ఉంది. నా ముందు నిలబడి ఆ మనిషిని వెనకేసుకొస్తుందా, చూద్దాం.

మార్చి 19, శనివారం

ఈ శనివారం ఎలీసబెతు గుడికి వెళ్ళలేదు. బయట తాళం వేసి బజారుకి వెళ్ళాను. ఈ మధ్య సీతాఫల్‌మండిలో దొంగతనాలు ఎక్కువయ్యాయి.

మార్చి 20

తాళం తీశాక గొడవ. ఎలీసబెతు ఎడమ మణికట్టు బెణికింది.

మార్చి 25

బిషప్‌గారి దగ్గర నుంచి కవరు వచ్చింది. విచారణకి లూకా అయ్యగారిని పంపుతున్నారు. ఆయన మా పాత కాలం మనిషి. తల నెరిసినవాడు. బందరులోనే చదివాడు. కొవ్వొత్తి అంటే కరెంటు పోయినప్పుడు వెలిగించేది అనేవాడు ఒకప్పుడు. నాకు ధైర్యం వచ్చింది. ఏప్రిల్ రెండు, శనివారం మూడింటికి.

ఎలీసబెతుకి చెప్పాను, నువ్వూ రావాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి అని. "చెప్తాను" అంది.

ఏప్రిల్ 2, శనివారం

రాయాలి.

గుడి పక్క హాల్లో పొడుగు బల్లకి ఒక వైపు లూకా అయ్యగారు, పక్కన కమిటీ. రెండో వైపు ఆర్థర్. కిటికీ దగ్గర ఎలీసబెతు, ఆమెకి తోడుగా వాళ్ళ బడి హెడ్‌మిస్ట్రెస్ పుష్పమ్మగారు. ఆవిణ్ణి ఎవరు పిలిచారో తెలియదు.

మొదటి గంట బాగానే జరిగింది. కొవ్వొత్తుల గురించీ తూర్పు గురించీ లూకా అయ్యగారు ఆర్థర్‌ని గట్టిగానే అడిగారు. నలుగురినీ నొప్పించి తెచ్చే భక్తి ఎందుకు బాబూ అన్నారు. ఆర్థర్ తల వంచుకుని విన్నాడు. నేను లేచి ఆక్స్‌ఫర్డ్ సంగతులు, ఇంగ్లండు భర్తల సంగతులు తేదీలతో సహా చెప్పాను. ఏసురత్నం కూడా తల ఊపాడు.

తర్వాత ఎలీసబెతుని పిలిచారు. నీలం చీరలో వచ్చి నిలబడింది. మణికట్టుకి గుడ్డ కట్టు. కూర్చోమన్నా కూర్చోలేదు.

లూకా అయ్యగారు చాలా మర్యాదగా అడిగారు. ఈ పాస్టరుగారు నీతో తగని మాట ఏదైనా అన్నారా అమ్మా అని. లేదంది. మీ ఆయన మీద నీ మనసు విరిచారా అని. లేదంది.

"నువ్వేం చెప్పుకున్నావో నేను అడగను. అది అడగకూడదు. ఆయన నీకేం చెప్పారో, నీకిష్టమైతే చెప్పు."

"అబద్ధం మానెయ్యమన్నారండి."

"ఏం అబద్ధం?"

ఎలీసబెతు నా వైపు చూడలేదు. లూకా అయ్యగారి వైపే చూస్తూ, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో చెప్పింది.

"పడ్డానని చెప్పే అబద్ధం. ఈయన కొట్టినప్పుడల్లా పడ్డాననేదాన్ని. గడప తట్టుకున్నాననీ, నాచుకి జారాననీ, కిటికీ రెక్క తగిలిందనీ. మా అమ్మకి చెప్పాను, బళ్ళో చెప్పాను, పక్కింటివాళ్ళకి చెప్పాను. పెళ్ళయినప్పటి నుంచీ చెప్తున్నాను. అది నా పాపం. దాన్ని ఒప్పుకోడానికే వెళ్ళాను. ఈయన పాపం నేను చెప్పలేదండి. అది నాది కాదు గదా, నేనెలా చెప్తాను? ఇవాళ మీరడిగారు. ఇక అబద్ధమాడనని మాటిచ్చాను కాబట్టి చెప్పాను."

లూకా అయ్యగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. జీవరాజూ, ఇది నిజమేనా అని నన్ను అడిగారు.

ఇది విచారణాంశం కాదని చెప్పాను. ఫిర్యాదులో మూడు అంశాలున్నాయి, ఇది అందులో లేదని చెప్పాను. నేను సరిగ్గానే చెప్పాను. పద్ధతి ప్రకారం అదే సరి. ఏసురత్నం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఎలీసబెతు ఇంటికి రాలేదు. పుష్పమ్మగారి వెంట రిక్షా ఎక్కింది.

ఏప్రిల్ 3, మట్టల ఆదివారం

వెళ్ళలేదు.

ఏప్రిల్ 4

అంతా ఆర్థర్ నేర్పిన మాటలు. ఎలీసబెతుకి అంత వరసగా మాట్లాడటం రాదు. 'అది నాది కాదు గదా' అట! అవి ఆడదాని మాటలా? నంద్యాల మాటలు.

ఏ ఇంట్లో లేదు? మా నాన్న మా అమ్మని చెయ్యెత్తని రోజుందా? ఆమె ఏనాడైనా గుళ్ళో నిలబడి చెప్పిందా? అయినా మా అమ్మ పోయినప్పుడు ఆయనే అందరికంటే ఎక్కువ ఏడ్చాడు.

ఏప్రిల్ 5

అన్నం మాడింది.

ఏప్రిల్ 6

లూకా అయ్యగారి తీర్పు వచ్చింది. ఆర్థర్ ఇకమీద జనం వైపు తిరిగే ఆరాధన చెయ్యాలి. కొవ్వొత్తులు పండుగలకి మాత్రమే. ఒప్పుకోలు ఎవరి ఇష్టం వాళ్ళది, దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు. జీవరాజు సెక్రటరీ పదవి నుంచి తప్పుకుని కొంతకాలం ప్రభు భోజన సంస్కారానికి దూరంగా ఉండాలి.

అంటే మూడింటిలో రెండు గెలిచాను.

ఏప్రిల్ 8, మంచి శుక్రవారం

ఆర్థర్ వచ్చాడు. మూడు గంటల ఆరాధన అయ్యి నేరుగా వచ్చినట్టున్నాడు, మొహం పీక్కుపోయి ఉంది. లోపలికి పిలవలేదు. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడాను. నా కాపురం కూల్చావు, సంతోషమా అన్నాను. ఆయన, నన్ను తిట్టడం అయిపోయాక ఒకసారి రండి సార్, నేను ఉంటాను అన్నాడు.

అయిపోలేదన్నాను. తలుపు వేశాను.

ఏప్రిల్ 10, ఈస్టరు పండుగ

నలుగురూ తెల్లబట్టలేసుకుని గుడికి పోతుంటే నేను మారేడ్‌పల్లి వెళ్ళాను. బడి హాస్టల్లో ఎలీసబెతుకి గది ఇచ్చారు. వరండాలోకి వచ్చింది. మణికట్టుకి కట్టు లేదు. మొహం తేటగా ఉంది. నేను లేకుండా అంత తేటగా! పండుగపూట మాటెందుకని ఓర్చుకున్నాను.

జరిగిందేదో జరిగింది, ఇంటికి రమ్మన్నాను. లోకం నవ్వుతోందన్నాను.

"లోకానికి ఏం చెప్తున్నారు?" అని అడిగింది.

మీ చెల్లెలికి ఒంట్లో బాగాలేక బందరు వెళ్ళావని చెప్తున్నానన్నాను. ఆఫీసులోనూ అదే చెప్పాను, పక్కింట్లోనూ అదే చెప్పాను.

ఆమె నవ్వింది. పెద్దగా కాదు.

"నేను మానేస్తే మీరు మొదలుపెట్టారా?"

నేనేదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. తను రాననీ, జీతం ఉందనీ, గది ఉందనీ, సాయంత్రాలు హాస్టలు పిల్లల్ని చూసుకుంటున్నాననీ చెప్పింది. నా మీద కోపం లేదా అని అడిగాను. ఎందుకడిగానో.

"ఉంది. అది కూడా చెప్పుకుంటున్నాను శనివారాలు" అంది.

ఏప్రిల్ 13

సాయంత్రం ఆఫీసు నుంచి రామభద్రరావు, నేను కలిసే వచ్చాం. వాళ్ళ ముంగిట్లో టీ తాగి పొమ్మన్నాడు. విజయమ్మగారు కప్పు అందిస్తూ అడిగింది, అక్క ఎప్పుడొస్తది, చెల్లెకు నిమ్మళమైందా అని.

చెల్లెలికి ఇంకా, అని మొదలుపెట్టాను. టీ ఒక గుక్క తాగాను. నాలుక కాలింది.

"చెల్లెలు బాగానే ఉంది. ఎలీసబెతు మారేడ్‌పల్లిలో ఉంది. నేను కొట్టాను. అందుకే వెళ్ళిపోయింది" అన్నాను.

విజయమ్మగారు కొంగు సర్దుకుంది. "ఎరుకే" అన్నది.

ఏం ఎరుక, ఎప్పటి నుంచి ఎరుక అని అడిగాను.

"మీరు గీ ఇంట్లకు వచ్చిన కాడికెల్లి. నడుమ గోడ ఒక్కటే గద."

నాకు ఒళ్ళు మండిపోయింది. రామభద్రరావు వైపు తిరిగాను. రోజూ కలిసి నడిచాం, పక్కపక్క టేబుళ్ళ దగ్గర కూర్చున్నాం, ఒకే డబ్బాలో తిన్నాం. ఇన్నేళ్ళూ తెలిసి, నన్నొక్కసారి ఆపలేదేం, అడగలేదేం అన్నాను. నా గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది.

ఆయన కాళ్ళ వైపు చూసుకుంటూ, "మీ ఇంటి మాట, నడుమ మేమెందుకనుకున్న. మర్యాద గాదనుకున్న" అన్నాడు.

విజయమ్మగారు ఆయన్ని చూసి, తర్వాత నన్ను చూసింది. "ఆమె పడ్డ అంటుండె. నేను అయ్యో జెర చూసుకొని నడువక్కా అంటుంటి. నమ్మినట్టే చేసిన. నేను సుత అబద్ధమాడినట్టే గద" అని కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. గొడవ అని రాశాను, మాట పెరిగింది అని రాశాను, మణికట్టు బెణికింది అని రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా.

నేను ఎలీసబెతుని కొట్టేవాణ్ణి. పెళ్ళయిన మొదటి సంవత్సరం నుంచీ. ఆమె ఏనాడూ పడలేదు.

ఏప్రిల్ 16, శనివారం

మారేడ్‌పల్లి వెళ్ళి, పక్కింట్లో చెప్పేశానని చెప్పాను. ఏమని చెప్పారని అడిగింది. ఆ మాటే మళ్ళీ ఆమె ముందు అన్నాను. ఎదురుగా అనడం ఇంకా కష్టంగా ఉంది.

ఎలీసబెతు "మంచిది" అంది.

అంతే. ఏడవలేదు, కుర్చీ వెయ్యలేదు, మళ్ళీ ఎప్పుడొస్తారనలేదు. లోపల పిల్లలు పిలుస్తున్నారని వెళ్ళిపోయింది. అంత దూరం వెళ్ళి, అంత మాట అంటే, దానికి బదులు ఒక్క మంచిది!

దారి పొడవునా కోపం. గుడి ముందు నుంచే వచ్చాను. తలుపులు తీసి ఉన్నాయి. ఆగలేదు. అదే కోపంతో గేటు తోసుకుని, చెప్పులు విసిరేసి ఇంట్లోకొచ్చాను.

ఇంట్లో ఎవరూ లేరు.